గుడ్డ లేని మిషన్ చప్పుడు

వాన వెలిసిన సాయంత్రం. వీధి దీపాలు ఇంకా వెలగలేదు. బస్సు దిగి, ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో కూతుర్నీ పట్టుకుని, నీళ్ళగుంటలు తప్పించుకుంటూ పుట్టింటి వీధిలోకి వచ్చింది పిట్ట.

అసలు పేరు వేరే ఉంది. చిన్నప్పుడు కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవని వీధంతా పిట్ట అంది, అదే ఖాయమైపోయింది. ఇప్పుడు నలభై దాటాయి, ఒళ్ళూ వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో ఒక వరస మిషన్లకి సూపర్‌వైజరు. ఆవిడ చెప్పుల చప్పుడు వినపడితే చాలు, కబుర్లాడుకునే ఆడపిల్లలు నోళ్ళు మూసుకుని తలలు వంచుకుంటారు. అయినా ఈ వీధిలో అడుగు పెడితే మళ్ళీ పిట్టే.

"ఎవరదీ, పిట్టేనా?" అన్నాడు గుండీల తాత. పుట్టింటికి ఎదురుగా ఆయన కొట్టు. గుండీలూ, దారాలూ, లేసులూ అమ్ముతాడు. "ఎన్నాళ్ళకి కనిపించావే తల్లీ! ఇదేనా నీ కూతురు? అచ్చు గుద్దినట్టు నువ్వే. కాకపోతే నీకు రెండు జడలుండేవి, దీనికి మగపిల్లాడిలా కత్తిరించి పడేశావు."

"పేలు తాతా," అంది పాప సిగ్గు లేకుండా.

తాత పడీ పడీ నవ్వాడు. ఒక ఎర్ర గుండీ తీసి పాప చేతిలో పెట్టాడు. తరవాత గొంతు తగ్గించాడు. "మీ మామయ్య పోయినా మీ అమ్మ పని మానలేదమ్మా. చీకటి పడితే చాలు, షట్టరు సగం దించుకుని మిషన్ తొక్కుతూనే ఉంటుంది. సూదిలో దారం ఎక్కించుకునే చూపు కూడా లేదు మనిషికి. ఎవరికోసం కుడుతోందో ఏమో."

పిట్ట ఆ మాట అంతగా చెవిన పెట్టలేదు. ఆమె బుర్రలో ఒకటే తిరుగుతోంది. రేపు.

రేపు పొద్దున వీధి చివరి హాల్లో దర్జీల సంఘం వాళ్ళు మాస్టర్ ఫోటో పెడుతున్నారు. మాస్టర్ అంటే కటింగ్ మాస్టర్, పిట్టకి మేనమామ. తండ్రి పోయాక కొట్టు నిలబెట్టింది ఆయనే అని ఊరంతా అంటుంది. ఆయన కత్తిరించేవాడు, ఆయన అక్క, అంటే పిట్ట అమ్మ, కుట్టేది. చుట్టుపక్కల బళ్ళన్నిటి యూనిఫారాలూ ఈ కొట్లోనే. ఏడాదికోసారి బళ్ళు తెరిచే ముందు పిల్లలంతా కొలతలివ్వడానికి ఇక్కడికే రావాలి. కొట్టు వెనక భాగంలో ఒక పచ్చ తెర. తెర వెనక అద్దం. అద్దం ముందు మాస్టర్, మెళ్ళో టేపు వేలాడేసుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని.

అక్కడ ఏం జరిగేదో ఆ పిల్లలకి తెలుసు. పిట్టకి అందరికంటే ఎక్కువ తెలుసు, ఎందుకంటే మిగతా వాళ్ళు ఏడాదికోసారి వచ్చేవాళ్ళు, పిట్ట ఆ ఇంట్లోనే ఉండేది.

మాస్టర్ పోయాక మొదట నోరు విప్పింది ఒక బస్సు కండక్టరు. ఆవిడా చిన్నప్పుడు ఈ తెర వెనక నిలబడ్డదే. ఆమెని చూసి ఇంకో ఇద్దరు బయటికొచ్చారు. ముగ్గురూ పిట్టని వెతుక్కుంటూ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చారు. "మేం ఎంత అరిచినా 'చచ్చినోడి మీద నిందలేంటి' అంటారు," అంది కండక్టరు. "నువ్వు ఇంటి మనిషివి. అన్నిటికంటే మీ అమ్మ. సొంత అక్క లేచి ఒక్క మాటంటే ఇంక ఎవరు నోరెత్తుతారు చెప్పు?"

పిట్ట భయం భయంగానే అమ్మకి ఫోన్ చేసింది. అమ్మ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. "వస్తానే. అందరి ముందూ నేనే చెప్తా. ముందు రోజే వచ్చెయ్. పాపని కూడా తీసుకురా, చూసి ఎన్నేళ్ళయిందో," అంది.

ఫోన్ పెట్టేశాక పిట్ట వంటింట్లో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. దుఃఖంతో కాదు.

ఎందుకంటే పాప పుట్టినప్పుడు, ఒళ్ళో పసిగుడ్డుని పెట్టుకుని, తొలిసారి పిట్ట ఈ సంగతి అమ్మకి చెప్పింది. అమ్మ గుండెలు బాదుకుంది. "మిషన్ చప్పుడులో నాకేమీ వినపడలేదే తల్లీ! వినపడుంటే వాడి చేతులు విరిచి పొయ్యిలో పెట్టేదాన్ని కాదూ!" అంది. పిట్ట నమ్మింది. తెరకి ఇవతల మిషన్ మోగుతూనే ఉండేది నిజమే. తెరకి అవతల పిట్ట పళ్ళు బిగించుకుని ఆ చప్పుడునే పట్టుకుని వేలాడేది. అమ్మ అక్కడే ఉంది, పనిలో ఉంది, పని అవ్వగానే వస్తుంది. అలా అనుకునేది. తమ్ముణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టనందుకు అమ్మ మీద కోపం వచ్చింది, రాకపోకలు మానేసింది. కానీ వినపడలేదన్న మాటని మాత్రం ఏనాడూ అనుమానించలేదు. ఇన్నేళ్ళూ ఆమె బతికింది ఆ ఒక్క మాట మీదే.

అమ్మ షట్టరు సందులోంచి వంగి బయటికొచ్చింది. బాగా చిక్కిపోయింది. వచ్చీ రాగానే పాపని వాటేసుకుని, బుగ్గలు నిమిరి, భుజాలు తడిమి, "ఎంత ఎదిగిందో!" అంది. పిట్టని చూసి నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

కొట్లో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కొత్త గుడ్డ గంజివాసన, మిషన్ నూనె వాసన, సుద్దముక్కల పొడి వాసన. కటింగ్ బల్ల. బల్ల మీద మాస్టర్ పెద్ద కత్తెర. పిల్లల్ని లోపలికి పిలవడానికి ఆయన నోరు వాడేవాడు కాదు. కత్తెర పిడితో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు, అంతే. టక్, టక్. వరసలో ముందున్న పిల్ల లేచి వెళ్ళాలి.

"ఇదింకా తియ్యలేదా అమ్మా?"

"తీస్తాలే. ఎక్కడికి పోతుంది."

వెనక పచ్చ తెర. అదీ తియ్యలేదు. తెరకి రెండడుగుల దూరంలో అమ్మ మిషన్, పాతకాలం కాలి మిషన్. అమ్మ ఎప్పుడూ తెరకి వీపు పెట్టి, గోడకి ముఖం పెట్టి కూర్చునేది. పిట్ట చెయ్యి అలవాటుగా మిషన్ మీదికి పోయింది. సూదిలో దారం లేదు. వంగి చూసింది. పెడల్ చక్రాన్నీ పై చక్రాన్నీ కలిపే తోలు బెల్టు కూడా లేదు.

"బెల్టేదీ?"

"తీసి పారేశా," అంది అమ్మ, పాప జుట్టు సర్దుతూ.

"మరి రోజూ చీకటి పడగానే కుడుతున్నావన్నాడు గుండీల తాత?"

"వాడికి చెవుడు."

పిట్ట నవ్వేసింది. తరవాత అడగాల్సింది అడిగింది. "అమ్మా, రేపు వస్తావుగా? లేచి చెప్తావుగా?"

"వస్తానన్నాగా. ఎన్నిసార్లు చెప్పాలి?" అమ్మ కళ్ళు మాత్రం పాప మీదే ఉన్నాయి. "పైకెళ్ళి తల తుడుచుకో, బస్సెక్కేటప్పుడు వానకి తడిసినట్టున్నావు. పాప నా దగ్గరుంటుందిలే. గుండీల డబ్బా చూపిస్తా."

అమ్మమ్మ, మనవరాలు, గుండీల డబ్బా. చూడముచ్చటగా ఉంది. ఇద్దరినీ అలా చూస్తుంటే పిట్టకి కడుపు నిండినట్టయింది. తనని బాధపెట్టిన మనిషి పోయాడు. అమ్మ రేపు నిజం చెప్తుంది. ఇంకేం కావాలి? మెట్లెక్కి పైకి వెళ్ళింది.

తల తుడుచుకుంటూ ఉండగా కరెంటు పోయింది.

పెద్దగా పట్టించుకోలేదు. కిటికీలోంచి వీధి చూసింది. వీధంతా చీకటే. చూరు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఎక్కడో కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది. కింద పాప గలగలా మాట్లాడుతోంది, గుండీలు డబ్బాలో పోసిన చప్పుడు. తరవాత ఆ మాటలు ఆగిపోయాయి.

గది గాలిలో ఏదో వాసన.

లవంగం.

మెట్ల మీదుగా పాకుతూ వచ్చినట్టు, మెల్లగా... మొదట అనుమానంగా, తరవాత స్పష్టంగా. నోట్లో చాలాసేపు నానిన లవంగం. పిట్ట చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. వంటింట్లో డబ్బా మూత తీసి ఉంటుందిలే అనుకుంది. తనకి తాను సర్దిచెప్పుకుంది.

టక్... టక్.

కింద బల్ల మీద.

పిట్ట మెట్ల వైపు చెవి పెట్టింది. పాప ఆడుకుంటోంది, కత్తెర పట్టుకుని ఆడుకుంటోంది అనుకోబోయింది. ఆ కత్తెర పిల్లలు ఎత్తలేరు.

అప్పుడు మిషన్ మొదలైంది.

ఇక్కడ పిట్టకి జరిగింది చెప్పుకుంటే ఆమెకే సిగ్గుగా ఉంటుంది. ఆ చప్పుడు వినగానే భయం తగ్గింది. పదేళ్ళ పిల్లలా ఒళ్ళు సడలింది. అమ్మ అక్కడే ఉంది. పనిలో ఉంది. పని అవ్వగానే వస్తుంది... చిన్నప్పుడు అనుకున్న మాటలే, అదే వరసలో, వాటంతటవే మనసులోకి వచ్చాయి. ఆమె కళ్ళు మూసుకుని నిలబడింది.

కానీ చెవులు మాత్రం పదేళ్ళ పిల్లవి కావు.

ఫ్యాక్టరీలో పని ఎగ్గొట్టే పిల్లలు ఒక ఎత్తు వేస్తుంటారు. సూది కింద గుడ్డ లేకుండా ఉత్త మిషన్ నడుపుతారు, చప్పుడు వింటే పని జరుగుతున్నట్టే ఉంటుంది. కొత్త సూపర్‌వైజర్లు మోసపోతారు. పిట్ట మోసపోదు. హాలు ఈ చివర నిలబడి, ఆ చివర ఎవరి మిషన్‌లో గుడ్డ లేదో చెప్పేస్తుంది. గుడ్డ ఉన్న మిషన్ మెత్తగా నములుతున్నట్టు మోగుతుంది. గుడ్డ లేని మిషన్ ఇనుముతో ఇనుముని కొరుకుతుంది. కింద గుడ్డని ముందుకు నెట్టే పళ్ళుంటాయి, పైన గుడ్డని నొక్కి పట్టే ఇనప పాదం ఉంటుంది. మధ్యలో గుడ్డ లేకపోతే రెండూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. "ఉత్త మిషన్ తొక్కకు, పళ్ళు పాడవుతాయి!" అని చిన్నప్పుడు అమ్మ ఎన్నిసార్లు వీపు మీద ఒక్కటిచ్చిందో లెక్కలేదు. ఆ విషయంలో అమ్మ ఎవర్నీ క్షమించేది కాదు.

పిట్ట కళ్ళు తెరిచింది.

కింద మోగేది ఉత్త మిషన్.

అంతే కాదు... ఇది ఆ చప్పుడే. తెర వెనక పళ్ళు బిగించుకుని పట్టుకు వేలాడిన చప్పుడు. ఇదే బిరుసు, ఇదే కొరుకుడు. ఆ రోజుల్లో అది అమ్మ చప్పుడని మాత్రమే తెలుసు, అందులో గుడ్డ ఉందో లేదో వినే చెవి లేదు. తరవాత చెవి వచ్చింది, ఆ చప్పుడు మళ్ళీ వినలేదు. ఇవాళ రెండూ కలిశాయి.

అమ్మ ఏమీ కుట్టడం లేదు. ఆ తెర వెనక పిల్లలు నిలబడ్డప్పుడు ఏనాడూ కుట్టలేదు.

అమ్మకి తెలుసు.

పిట్ట మెట్ల వైపు పరిగెత్తింది. మెట్లు ఎలా దిగిందో తెలియదు. ఫోన్ లైటు మిషన్ వైపు తిప్పింది.

అమ్మ మిషన్ ముందు కూర్చుని ఉంది. తెరకి వీపు, గోడకి ముఖం. రెండు కాళ్ళూ పెడల్ మీద ఆడుతున్నాయి. కింద చక్రం తిరుగుతోంది. పైన చక్రం తిరుగుతోంది. మధ్యలో బెల్టు లేదు. సూది దిగుతోంది, లేస్తోంది, దిగుతోంది... దాని కింద గుడ్డ లేదు, దారం లేదు.

"అమ్మా! పాపేదీ?"

అమ్మ తల తిప్పలేదు. ఇంకా గట్టిగా తొక్కింది.

నేల మీద గుండీలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. వరసగా తెర వైపు.

పిట్ట తెర లాగేసింది.

పాప అద్దం ముందు నిలబడి ఉంది. రెండు చేతులూ పక్కలకి చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని. గౌను భుజం మీద తెల్లని సుద్ద గీత. ఎవరూ లేరు. అద్దంలోనూ ఎవరూ లేరు. టేపు మాత్రం పాప భుజం నుంచి మణికట్టు దాకా సాగి ఉంది. బిగువుగా. పట్టుకున్న చెయ్యి లేకుండా...

పిట్ట టేపు పట్టుకుని గుంజింది.

రాలేదు. అవతలి కొసని ఎవరో పట్టుకున్నారు. ముఖం మీద వెచ్చటి లవంగం ఊపిరి తగిలింది. చిన్నప్పుడు ఈ చోట ఆమె గొంతులోంచి ఒక్క మాట బయటికొచ్చేది కాదు. ఇప్పుడు వచ్చింది.

"వదులు!"

టేపు వదులైంది. ఆ విసురుకి వెనక్కి తూలి, పాపని రెండు చేతులా ఎత్తుకుని ఇవతలికి వచ్చి పడింది. పాప ఒళ్ళు చల్లగా ఉంది, గుండె మాత్రం పిచికగుండెలా కొట్టుకుంటోంది. "అమ్మమ్మ నిలబడమంది," అంది చిన్నగా. "కొలతలంది. కదలొద్దంది."

పిట్ట అమ్మ వైపు తిరిగింది. ఒక్కటే అడగగలిగింది.

"నీకు వినపడేదా?"

మిషన్ మోగుతూనే ఉంది. అమ్మ గోడతో చెప్తున్నట్టు చెప్పింది. "వినపడకూడదనే తొక్కేదాన్ని."

"అమ్మా..."

"ఏం చెయ్యమంటావే? మీ నాన్న లేడు. కత్తెర పట్టేది వాడొక్కడే. వాణ్ణి పొమ్మంటే కొట్టు ఏం కావాలి, మనం ఏం కావాలి? పెద్దయితే మర్చిపోతావులే అనుకున్నా. అందరూ మర్చిపోతారు."

కన్నకూతుర్ని కంటికి రెప్పలా పెంచిందని వీధంతా మెచ్చుకున్న మనిషి ఈవిడే. పిట్టకి ఏడుపు రాలేదు. మామయ్య చేసిన దానికి ఇన్నేళ్ళు కుమిలింది, కానీ ఆయన నుంచి ఆమె ఏనాడూ ఏమీ ఆశించలేదు. అమ్మ నుంచి ఆశించింది. తెరకి ఇటుపక్క అమ్మ ఉందని నమ్మింది. ఆ నమ్మకాన్ని గొంతు పిసికి చంపేసినట్టుంది ఇప్పుడు.

"వాడు పోయాడుగా. ఇంకెందుకు తొక్కుతున్నావు?"

"ఆపితే వినపడుతోందే," అంది అమ్మ. "రోజూ ఈ వేళకి. తెర వెనక... చెవులు మూసుకున్నా ఆగదు."

"ఏంటి వినపడేది? వాడా?"

అమ్మ మొదటిసారి తల తిప్పింది. కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి.

"నువ్వు."

పిట్ట పాపని ఇంకాస్త గట్టిగా హత్తుకుంది.

"ఏడుస్తావే. అమ్మా అమ్మా అని పిలుస్తావే. ఇంకో పిల్ల వచ్చి నిలబడితే నీ వంతు అయిపోయినట్టేగా, వెళ్ళిపోతావనుకున్నా. అందుకే పాపని... ఒక్కసారేగా. చచ్చినోడు ఏం చేస్తాడే? కొలతలేగా..."

అందుకే పిలిచింది. పాపని తీసుకురా అన్నది అందుకే. రేపు సభలో చెప్తానన్నది అందుకే.

పిట్ట షట్టరు సందులోంచి పాపని ముందు తోసి తనూ దూరింది. సంచీ లోపలే ఉండిపోయింది. వెనక అమ్మ కేకేసింది. "వెళ్ళకే పిట్టా! నేనొక్కదాన్నే వినలేనే!" ఆ కేక మీదుగా మిషన్ ఇంకా బిరుసుగా మోగింది.

ఆ రాత్రి కండక్టరు ఇంట్లో పడుకున్నారు. పిట్ట వాలకం చూసి ఆవిడే దుప్పట్లు తెచ్చి పరిచింది, గదిలో లైటు ఆర్పకుండా వదిలేసింది. పాప చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది.

"అమ్మా, ఆ అక్క ఎవరు?"

"ఏ అక్క?"

"అద్దం దగ్గర. నీలం గౌను. నా చెయ్యి నొప్పెడుతోందంటే, నువ్వు మీ అమ్మతో వెళ్ళిపో, నేను నిలబడతాలే అంది."

పిట్ట పాపని ఒళ్ళోకి లాక్కుంది. చిన్నప్పుడు తెర వెనక నిలబడ్డప్పుడు తను వేసుకున్న నీలం గౌను సంగతి ఆమె ఎవరికీ చెప్పి ఎరగదు. పాప జుట్టు నిమురుతూ తెల్లారేదాకా కూర్చుంది.

పొద్దున హాలు నిండింది. వేదిక మీద కుర్చీలో మాస్టర్ ఫోటో, పైన తెల్లగుడ్డ కప్పి. ముందు వరసలో అక్కగారి కోసమని ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. సంఘం పెద్ద గొంతు సవరించుకుని పొగడ్తలు మొదలుపెట్టగానే పిట్ట లేచింది. పక్కన కండక్టరు పాపని పొదివి పట్టుకుని కూర్చుంది.

"ఆ గుడ్డ తియ్యకండి," అంది పిట్ట. "ముందు నేను చెప్పేది వినండి."

చెప్పింది. తెర గురించి, కత్తెర చప్పుడు గురించి. మధ్యలో రెండుసార్లు ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. వెనక నుంచి ఎవరో పెద్దాయన, "పోయినవాడి మీద ఇప్పుడెందుకమ్మా ఇదంతా?" అన్నాడు. "మీ అమ్మే లేదు ఇక్కడ. ఆవిడకి తెలియదా, ఆవిడ కళ్ళెదుటే కదా ఆయన బతికింది?"

"తెలుసు," అంది పిట్ట. "మా అమ్మకి తెలుసు. నా అరుపు వినపడకుండా ఉత్త మిషన్ తొక్కింది."

హాలంతా దర్జీలే. ఉత్త మిషన్ అంటే ఏంటో వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అప్పుడు కండక్టరు లేచింది. ఆమె వెనక మిగతా ఇద్దరూ లేచారు. తరవాత ఎవరూ పిలవకుండానే చివరి వరసలో నెరిసిన జుట్టు ఆవిడొకరు లేచి, ముఖం కొంగుతో కప్పుకుని, "నేను కూడా," అంది. సంఘం పెద్ద వెళ్ళి ఆ ఫోటోని బోర్లించాడు.

బయట ఎండ కాస్తోంది. హాలు మెట్ల మీద పాపని ఆనించుకుని కూర్చుంది పిట్ట. ఒళ్ళంతా అలిసిపోయి ఉంది, అయినా తేలిగ్గా ఉంది. పాప ఎర్ర గుండీని ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. అప్పుడు ఫోన్ మోగింది. గుండీల తాత.

"పిట్టా, మీ అమ్మకి ఏదో అయిందమ్మా. రాత్రి నుంచీ మిషన్ ఆపలేదు. షట్టరు ఎత్తి లోపలికొచ్చి పిలిచాను, పలకదు. మనిషి చూస్తే కొయ్యలా ఉంది, కాళ్ళు మాత్రం ఆడుతున్నాయి."

ఫోన్లో ఆయన గొంతు వెనక వినపడుతూనే ఉంది. ఇనుముతో ఇనుముని కొరికే చప్పుడు.

"వినపడుతోంది తాతా."

"అది సరే గానీ... కోప్పడకమ్మా, పెద్దవాణ్ణి కాబట్టి అంటున్నా. నువ్వు వెళ్తే వెళ్ళావు. పాపని ఇక్కడ వదిలేసి వెళ్ళిపోయావేంటి?"

పిట్ట పక్కకి చూసింది. పాప భుజం తన భుజానికి ఆనే ఉంది.

"తాతా, పాప నా దగ్గరే ఉంది."

"ఎట్లా ఉంటుందమ్మా? ఇదిగో, నా కళ్ళ ముందుంటేను! తెర వెనకాల. సవరాలు పెట్టారో ఏమో, రెండు జడలేసుకుని, నీలం గౌనులో. చేతులు చాపుకుని అలాగే నిలబడి ఉంది, పాపం. నాతో రావే, గుండీలిస్తా అన్నా. ఊహూ. అమ్మ పిలిస్తేనే వస్తానంటోంది."

పిట్ట పాప చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అంతలో ఫోన్లో మిషన్ ఆగిపోయింది. రాత్రి నుంచీ మొదటిసారి. అమ్మ ఆపింది. ఇప్పుడు అమ్మకి వినపడుతుంది. ఇప్పుడు పిలుస్తుందేమో... ఇన్నేళ్ళకి, ఒక్కసారి... పిట్ట ఫోన్ చెవికి అదుముకుని వింది.

అమ్మ పిలవలేదు.

టక్... టక్... అని బల్ల మీద కత్తెర మోగింది.